ఏనుగుల వీరాస్వామయ్యగారి దారి

నంద్యాల జిల్లాలోని ఆత్మకూరు నేడు బస్సులు ఆగి సాగిపోవు పట్టణము. శ్రీశైలయాత్రికులలో పెక్కుమంది దోర్నాల కనుమదారిని ఎక్కి కొండమీదనే దిగుచున్నారు. రెండువందల ఏండ్లకు పూర్వము సంగతి వేరు. దక్షిణమునుండియు పడమటినుండియు వచ్చువారికి ఆనాడు ఆత్మకూరే శ్రీశైలమునకు వాకిలి. అది దాటిన పిమ్మట అంగడి లేదు, ఆశ్రయము లేదు. నాగులూటి, పెద్దచెరువు, భీముని కొలను, ఆపైన కైలాసద్వారము: ఇవియే అడవిలోని మజిలీలు. శివరాత్రికి కాలినడకను పోవు భక్తులు ఇప్పటికిని ఆ మెట్లదారినే తొక్కుచున్నారు.

1830 వ సంవత్సరమున, వేసవి చల్లబడుచున్న దినములలో, ఈ దారికి ఒక పెద్ద బిడారు వచ్చెను. పల్లకి, బోయీలు, కావడివాండ్రు, వంటవారు, పరిచారకులు, ఆత్మీయులు కలిసి దాదాపు నూరుగురు. వారందరికి పెద్ద చెన్నపట్టణపు సుప్రీముకోర్టులో ద్విభాషిగా నున్న ఏనుగుల వీరాస్వామయ్యగారు. గమ్యము కాశి. శ్రీశైలము అందులో తొలిమెట్లలో ఒకటి మాత్రమే.

యాత్ర రెండు విధములు. దారి యెరిగిన వానిని ముందుంచుకొని వెంట నడచునది ఒకటి. దారిని తానే విచారించుకొని పోవునది రెండవది. ఈ భేదము నేటికిని కలదు. విశాఖపట్టణము దగ్గర ఋషికొండ తీరమున ఒక్కరో ఇద్దరో కూర్చుండి తెడ్డు వేసికొనిపోవు కయాకు అను చిన్నపడవను మన యువకులు ఎక్కుచున్నారు. కొత్తవాడు శిక్షకుని వెంట పోవును. అలల పోకడ, గాలి మళ్లింపు, నీటిక్రింది రాళ్ల జాడ తెలిసినవాడు తానే పోవును. అయితే తానే పోవువాడు నిజముగా ఒంటరివాడా? అతనికి ముందు ఆ తీరమును చూచినవారెవ్వరో చెప్పిన మాటయో, గీచిన పటమో అతని వెంట నుండనే యుండును. మార్గదర్శి మనుష్యరూపము విడిచి కాగితపు రూపమున పడవ నెక్కినాడు, అంతియే. తెలుగు యాత్రికునికి అట్టి కాగితమును మొట్టమొదట విపులముగా సమకూర్చి యిచ్చినవారు వీరాస్వామయ్యగారు. ఆయన జీవితమును ఈ దృష్టితో చూచినవారు తక్కువ. కాశీయాత్ర చేసిన పుణ్యాత్ముడనియో, వచనరచనకు మార్గము చూపిన గ్రంథకర్త యనియో పాఠ్యపుస్తకములు ఆయనను రెండు వాక్యములలో ముగించుచున్నవి.

వీరాస్వామయ్యగారు 1780 ప్రాంతమున పుట్టిరి. చిన్నతనముననే తండ్రిని కోల్పోయిరి. ఆ రోజులలో తండ్రిలేని బ్రాహ్మణబాలునికి చెన్నపట్టణమున రెండే దారులు: వేదపాఠశాల, లేదా కుంపిణీవారి కచేరి. ఈయన రెండవ దారి పట్టిరి. పన్నెండేండ్ల ప్రాయమునకే ఇంగ్లీషు చదువ నేర్చి, బోర్డు ఆఫ్ ట్రేడు కచేరిలో జీతము లేని ఉమేదువారుగా ప్రవేశించిరి. కొంతకాలము తిరునెల్వేలి ప్రాంతమున భాషాంతరీకరణపు పని చేసిరి. మరల చెన్నపట్టణము చేరి, క్రమముగా 1801 లో ఏర్పడిన సుప్రీముకోర్టులో ఇంటర్‌ప్రెటరు పదవి నందిరి. ఇంగ్లీషు, తెలుగు, అరవము, సంస్కృతము ఆయనకు వశమై యుండెను.

ద్విభాషి యుద్యోగమన్న నేటివారికి చిన్నదిగా తోచవచ్చును. న్యాయాధిపతికి సాక్షి భాష రాదు. సాక్షికి న్యాయాధిపతి భాష రాదు. నడుమ నిలిచినవాడు ఒక్క మాట పోగొట్టెనా, ఒకని ఆస్తియో ప్రాణమో పోవును. చూచినది చూచినట్లు, విన్నది విన్నట్లు, కొలతయు లెక్కయు తప్పకుండ చెప్పు అలవాటు ఆయనకు ఈ యుద్యోగమే నేర్పియుండునని నా నమ్మకము. ఆయన మిత్రుడు, సదరు అదాలతులో ద్విభాషిగా పనిచేసిన వెన్నెలకంటి సుబ్బారావుగారు తన జీవితకథను ఇంగ్లీషున వ్రాసికొనిరి. అది 1873 లో అచ్చుపడెను. ఈ ద్విభాషులు మన సాహిత్యమునకు చేసిన మేలును గూర్చి ప్రత్యేకముగా ఒక వ్యాసము వ్రాయదగియున్నది.

వీరాస్వామయ్యగారు కాపురమున్న చెన్నపట్టణమునకు ఆనాడు రేవు లేదు. ఓడరేవు కట్టడము 1875 ప్రాంతమునకు గాని ఆరంభము కాలేదు. ఓడలు దూరమున లంగరు వేసికొని నిలుచుచుండెను. మనుష్యులును మూటలును మసూలా పడవలపై ఒడ్డు చేరవలెను. ఆ పడవకు మేకు అన్నది లేదు. పలకలను కొబ్బరిపీచు త్రాళ్లతో కుట్టి కట్టుదురు. అల కొట్టినప్పుడు అది విరుగక వంగును. మేకులు కొట్టిన దొరల పడవలు అదే అలలలో తునుకలగుచుండెను. మసూలా పడవయు పోజాలనంత పోటుగా సముద్రమున్న దినమున, మూడు నాలుగు దుంగలు చేర్చి కట్టిన తెప్పపై ఇద్దరు పల్లెవారు మోకాళ్లూని కూర్చుండి తెడ్లు వేసికొని పోవుచుండిరి. తలమీది కొనదేలిన టోపీలో జాబులను తడియకుండ దాచి ఓడకు చేర్చుచుండిరి. ఆ తెప్పకు అరవమున గల కట్టుమరమను పేరే ఇంగ్లీషువారి నోట బడి లోకమంతట వ్యాపించినది. ఈ జనమును, ఈ సముద్రమును దినదినము చూచుచు పెరిగిన మనుష్యుడు నీటియందు నిర్భయుడుగా నుండకపోయినను, నీటిని తెలిసినవారిని గౌరవించుటయైనను నేర్చికొనును.

1830 మే 18 న ఆయన చెన్నపట్టణము విడిచిరి. అప్పటికి ఆయనకు ఏబది యేండ్లు. ఉద్యోగము, ఇల్లు, పేరు, స్నేహితులు అన్నియు కుదిరిన వయస్సు. పోవలసిన దారిలో సగమునకు కుంపిణీ పాలన లేదు. 1817 లో వంగదేశమున పుట్టిన కలరా దేశమంతట వ్యాపించి యాత్రాస్థలములను పట్టుకొని యుండెను. ఒంటరిగా పోవువాడు తన ప్రాణమునకే పూచీ. ఈయన నూరు ప్రాణములకు పూచీ పడిరి. ప్రతి సాయంకాలమునకు నూరు నోళ్లకు బియ్యము దొరకవలెను, మంచినీరు దొరకవలెను, తల దాచుకొను చోటు దొరకవలెను. ఒక్క మజిలీలో లెక్క తప్పిన, ఎండలో పదిమైళ్లు మోసిన బోయీలు ఆకలితో పండుకొనవలెను. ఆయన దినచర్యలో ఊరూరికి దూరము, బావులు, చెట్లనీడ, అంగళ్లు, ఇసుకదారియా రేగడిదారియా యను వివరణ విసుగు లేకుండ వచ్చుటకు కారణమిదియే. కవిత్వము కోరి పుస్తకము విప్పినవానికి ఆ పుటలు చప్పగానుండును. దారి పట్టవలసినవానికి అవియే ప్రాణము.

తిరుపతి, కడప, అహోబిలము, మహానంది దాటి ఆత్మకూరు సీమ చేరునప్పటికి వారు కందనూరు నవాబు ఏలుబడిలో నుండిరి. నవాబు గులాం రసూల్ ఖాను. 1839 లో కుంపిణీవారు అతనిని పదవినుండి తొలగించి కర్నూలు సీమను స్వాధీనపరచుకొనిరి; దానికి ఇంకను తొమ్మిదేండ్ల వ్యవధి కలదు. శ్రీశైలమునకు పోవు యాత్రికులవద్ద నవాబు సుంకము రాబట్టుచుండెను. పుచ్చుకొన్న సుంకమునకు తగినట్లు ఆలయమునకు గాని దారికి గాని జరుగుచున్నది కనబడదు. ఈ సంగతిని వీరాస్వామయ్యగారు మరుగుపరుపలేదు.

అడవిలో యాత్రికులను కాపాడి కొండకు చేర్చుట చెంచుల వృత్తి, హక్కు కూడ. దారికి కూలి పుచ్చుకొందురు. వారు లేనిది ఎంత ధనవంతుడైనను నాగులూటి దాటి ఒక్క అడుగు వేయజాలడు. ఏ వాగున నీరున్నదో, ఏ మలుపున ఎలుగు తిరుగునో వారికే తెలియును. సుప్రీముకోర్టు ద్విభాషి యను హోదా కందనూరు పట్టణములో పనికివచ్చును గాని నల్లమలలో పనికిరాదు. అక్కడ ఆయన కేవలము మార్గదర్శిని నమ్మి వెంట నడచు యాత్రికుడు. దారి పొడవునను ఆయనలో ఈ రెండు స్వభావములును మార్చి మార్చి కనిపించును. తెలిసిన చోట తానే నిర్ణయించును. తెలియని చోట తెలిసినవాని మాట వినును. ఏది తెలియునో ఏది తెలియదో గుర్తెరుగుట నూరుగురిని నడిపించువానికి మొదట కావలసిన విద్య.

శ్రీశైలము సేవించి, కృష్ణను దాటి, పాలమూరు సీమ మీదుగా హైదరాబాదు పోయిరి. ఆత్మకూరు సీమనుండి కృష్ణను దాటుట ఆనాడు పెద్ద ప్రయాస. వంతెన లేదు, ఆనకట్ట లేదు. కృష్ణా తుంగభద్రలపై జనమును దాటించునది పుట్టి. వెదురుబద్దలతో గుండ్రముగా అల్లి, క్రింద తోలు కప్పిన బుట్ట అది. తెడ్డు వేయుచుండగా తిరుగుచు తిరుగుచు పోవును. పల్లకియు పెట్టెలును నూరుగురు జనమును కృష్ణ దాటుటకు ఎన్ని పుట్లు ఎన్ని మారులు తిరిగియుండవలెనో పాఠకులే ఊహింపగలరు. ఉత్తరధ్రువసముద్రపు ఒడ్డున వసించు జనులు ఎముకలతోను కొట్టుకొనివచ్చిన కొయ్యతోను చట్రము కట్టి, సీలు తోలు కప్పి వేటకు పోవు పడవయే కయాకునకు మూలరూపము. వెదురు పెరుగు దేశమున వెదురు, చెట్టే మొలవని దేశమున ఎముక. పైన మాత్రము రెండు చోట్లను తోలే. ఒకరినొకరు ఎన్నడు కనని రెండు జాతులకు ఒకే యుక్తి తోచుట చూడుడు.

హైదరాబాదు, నాగపురము, జబ్బలుపురము, ప్రయాగ: ఈ దారిని ఆయన వివరముగా వర్ణించిరి గాని నేను దాటిపోవుచున్నాను. ప్రయాగ చేరిన పిమ్మట దారి స్వరూపమే మారినది. అక్కడనుండి గంగయే రాజమార్గము. పల్లకిలో వచ్చినవారు పడవ నెక్కిరి. గంగపై ఆనాడు గదులు గల బజరాలు, సరకులు మోయు వెడల్పైన పటేలాలు తిరుగుచుండెను. ప్రవాహముతో పోవునప్పుడు తెడ్లు చాలును. ఎదురు పోవునప్పుడు పడవవారు ఒడ్డున దిగి త్రాడు కట్టి లాగవలెను. ఏటేట వరద ఇసుకదిబ్బలను జరుపుచుండును. కావున పోయినయేటి జ్ఞానము ఈయేటికి చాలదు. పొగయోడలు గంగపై క్రమముగా నడచుట 1834 లో గాని మొదలు కాలేదు. వీరాస్వామయ్యగారి గంగాయాత్ర తెడ్డు, తెరచాప, త్రాడు అను మూటిమీదనే సాగెను.

ఈ క్షేత్రములలో మరియొక జాతి మార్గదర్శులు ఎదురైరి. వారు పండాలు. ఊరు తెలియదు, భాష తెలియదు, ఏ ఘట్టమున ఏ కర్మ చేయవలెనో తెలియదు; యాత్రికుడు దిగగానే పండా వచ్చి చేయి పట్టుకొనును. చెంచువానికి దారికూలి ఇచ్చిన పని ముగియును. ఇక్కడ యాత్రికుని భయభక్తులే మూలధనము. దీనికి తోడు ప్రయాగలోను, గయలోను, పురిలోను కుంపిణీ ప్రభుత్వమే యాత్రికులపై పన్ను విధించి వసూలు చేయుచుండెను. ఆ పన్ను 1840 శాసనముతో గాని పోలేదు. కందనూరు నవాబు చేసినదియు, కుంపిణీవారు చేసినదియు తత్త్వమున ఒక్కటియే. కుంపిణీ న్యాయస్థానమున ఉప్పు తిన్న వీరాస్వామయ్యగారు మొత్తముమీద ఇంగ్లీషువారి పాలన పట్ల మెత్తన. ఆయన అభిప్రాయములను చదువునప్పుడు మనము ఈ సంగతి మనస్సున ఉంచుకొనవలెను. అయితే ఎక్కడ ఎంత ఇయ్యవలసి వచ్చునో, ఏది న్యాయమో, ఏది అడిగినంత మాత్రమున ఇయ్యనక్కరలేదో తెలిపినవాడు పేద యాత్రికునికి చేసిన మేలు చిన్నది కాదు. ధనికుడు మోసపోయిన నష్టపడును. పేద మోసపోయిన తిరిగి ఇల్లు చేరడు.

కాశి, గయ ముగించుకొని కలకత్తా చేరినప్పుడు ఆయన ముందు రెండు దారులు నిలిచెను. కలకత్తాలో ఓడ నెక్కిన చెన్నపట్టణములో దిగవచ్చును. కాని వేసవి వచ్చిన పిమ్మట నైరుతిగాలి తీరము వెంబడి ఎదురు వీచును. తెరచాపయోడ దక్షిణమునకు రావలెనన్న ఆ గాలితో పోరాడుచు రావలెను. పైగా ఓడలో పురుషోత్తమక్షేత్రము లేదు. ఆయన నేలదారినే పట్టిరి. దాదాపు వేయి మైళ్లు. ఎడమచేతి వైపున ఎప్పుడు దగ్గరగా, ఎప్పుడు దూరముగా, సముద్రము.

ఈ తీరపు దారిని పటముమీద గీచి చూచినవారికి గాని దాని కష్టము తెలియదు. సువర్ణరేఖ, వైతరణి, బ్రాహ్మణి, మహానది. ఋషికుల్య, వంశధార, నాగావళి. పిదప గోదావరి, కృష్ణ, పెన్న. తూర్పు తీరమున పోవువాడు ప్రతి మూడు నాలుగు దినములకు ఒక నదికి శిరస్సు వంపవలెను. వీని నడుమ లెక్కలేనన్ని ఉప్పుటేరులు. వంతెన లేదు. గోదావరి ఆనకట్ట పని 1847 లో మొదలై 1852 లో ముగిసెను. బెజవాడ ఆనకట్ట 1855 నాటిది. ఈయన వచ్చినప్పుడు ఈ నదులు ఇంకను తమ ఇష్టమునకు పారుచుండెను. సెప్టెంబరు మొదట చెన్నపట్టణము చేరిరి గనుక ప్రయాణపు తుదిభాగము నిండు వానకారున జరిగినది. ప్రతి రేవునను బిడారు ఆగవలెను, పడవవానిని పిలువవలెను, ఏరు ఎంత పొంగియున్నదో, ఈపూట దాటవచ్చునో రాదో అతనిని అడుగవలెను. ఆ పడవవాడు ఆ రేవు తప్ప మరియేమియు ఎరుగడు. కాని ఆ రేవున అతని మాటయే వేదము. వేయి మైళ్ల తీరమున ఇట్టి చిన్న మార్గదర్శులు ఎందరో. ఒకని చేతినుండి మరియొకని చేతికి అప్పగింపబడుచు బిడారు దక్షిణమునకు నడచినది.

పురినుండి గంజామునకు వచ్చు యాత్రికుల పాతబాట ఈ తీరమున అన్నిటికంటె వింతయైనది. చిలక సరస్సునకును సముద్రమునకును నడుమ ఇసుకకట్ట ఒకటి పోవుచుండును. ఒక ప్రక్క సముద్రము, ఒక ప్రక్క సరస్సు. చూచినంత దూరము నీరే, త్రాగుటకు మాత్రము చుక్క లేదు. ఇసుకలో గుంట త్రవ్వి ఊరిన తియ్యని నీటిని దోసిట పట్టుకొనవలెను. మంచినీరు ఎక్కడ ఊరునో ఎరుగని బిడారునకు ఆ సౌందర్యమే శత్రువగును. నేడు చిలకకు విహారమునకు పోవువారు పక్షులను చూచి వత్తురు. నూరుగురితో వచ్చిన మనుష్యుడు మొదట బావిని చూచును.

గంజాము చేరిన పిమ్మట చెన్నపట్టణపు సర్కారు. గంజాము, విశాఖపట్టణము, రాజమహేంద్రవరము, మచిలీపట్టణము, గుంటూరు, నెల్లూరు: కలెక్టరు జిల్లాలు ఒకదాని వెంట ఒకటి పేర్చినట్లు సముద్రపుటొడ్డున నుండెను. గంజాము 1936 లో ఒడిస్సాలో చేరువరకు చెన్నరాజధానిలోనిదే. ఒక్క సంవత్సరము పైగా పరభాషల నడుమ తిరిగిన తెలుగుయాత్రికుడు ఈ తీరమున మరల తన భాష వినును. మనస్సున కలుగు ఊరటను వేరుగ చెప్పనక్కరలేదు. ఊరు చెప్పువాడు, రేవు చెప్పువాడు, వెల చెప్పువాడు, అందరు ఇక తెలుగే మాటలాడుదురు. ద్విభాషికి కొంచెము విశ్రాంతి.

ఈ తీరమును అందమైనదని మాత్రము చెప్పి విడుచుట అన్యాయము. 1789 లో గోదావరి ముఖమున నున్న కోరింగ రేవును ఉప్పెన ముంచినది. వీరాస్వామయ్యగారు ఆ సీమ దాటి పోయిన ఎనిమిదేండ్లకు, 1839 నవంబరులో, మరల ముంచినది. ఈ చుట్టుగాలులకు సైక్లోను అను పేరు పెట్టిన పిడింగ్టను కలకత్తాలో నుండి కోరింగ వృత్తాంతమును పరిశీలించినవాడే. రెండు ఉప్పెనల నడుమ దొరికిన శాంతకాలమున మన బిడారు ఆ తీరమును దాటినది.

1831 సెప్టెంబరు 3 న వీరాస్వామయ్యగారు చెన్నపట్టణము చేరిరి. పదునైదు మాసముల పదునైదు దినముల యాత్ర.

ఇంతకును ఆయన స్వతంత్ర యాత్రికుడా? పల్లకి నెక్కిన మనుష్యుడు బోయీలమీద ఆధారపడినవాడే. సుప్రీముకోర్టు పేరు చెప్పిన కుంపిణీ కచేరులలో తలుపులు తెరచుకొనుచుండెను. ఆ పేరే సగము పరవానా. కోమటి వర్తకుడో, విధవయైన వృద్ధస్త్రీయో అదే దారిని పోయిన అట్టి ఆదరము దొరకదు. ఈ లోపమును కప్పిపుచ్చరాదు. కాని ఆయన తనకు దొరికిన సౌకర్యమును తనతోనే ముగించుకొనలేదు. దారిలో చూచినదెల్ల వ్రాసి, చెన్నపట్టణములోని మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్లగారికి పంపుచుండిరి. ఆ వ్రాత గ్రాంథికపు బిగువు లేక, నిత్యము మాటలాడుకొను తెలుగులో, హిందూస్థానీ, అరవము, ఇంగ్లీషు మాటలు దొర్లుచుండగా సాగినది. వ్యాకరణము తెలియక కాదు. దారి చెప్పువాడు అర్థమగునట్లు చెప్పవలెను. చంపూకావ్యశైలిలో బావి ఎక్కడ నున్నదో చెప్పినయెడల దాహముతో నున్నవాడు చచ్చిపోవును. వ్యావహారికవాదులు ఎనుబదేండ్ల తరువాత సిద్ధాంతముగా నిలిపినదానిని ఈయన అవసరము కొలది ఆచరించిరి.

ఆయన తిరిగివచ్చిన కొలదికాలమునకే, 1832, 1833 సంవత్సరములలో, గుంటూరు సీమను నందన కరువు పట్టినది. డొక్కల కరువని జనులు నేటికిని చెప్పుకొనుదురు. వేలకొలది జనము ఇండ్లు విడిచి తీరపు బాట వెంట దక్షిణమునకు, చెన్నపట్టణమువైపు నడచిరి. దారిలో పడిపోయినవారు పడిపోయిరి. రెండేండ్ల క్రిందట పల్లకియు కావళ్లును నడచిన బాట అదియే. ఏ మజిలీనుండి ఏ మజిలీకి ఎన్ని ఆమడలో, ఏ ఊర బావి కలదో ఆయన కాగితములలో వ్రాసియున్నది. కాని అది ఇంకను అచ్చుకాలేదు. అచ్చయినను ఆ జనము చదువజాలరు. ఆ నెలలలో చెన్నపట్టణమున ఉద్యోగము చేసికొనుచు, ఒడ్డుదారిని వచ్చిచేరుచున్న ఆ ఎముకలగూళ్లను చూచినప్పుడు తన దినచర్య ఆయనకు ఏమి తోచియుండునో యని నేను పలుమారు తలపోసితిని.

1836 లో వీరాస్వామయ్యగారు గతించిరి. తన గ్రంథమును అచ్చులో చూచుకొనలేదు. శ్రీనివాసపిళ్లగారు మిత్రుని జాబులను కూర్చి, ఆయన జీవితమును ముందు చేర్చి, 1838 లో కాశీయాత్ర చరిత్రను ముద్రింపించిరి. 1869 లో మరల ముద్రణ జరిగినది. పిమ్మట పుస్తకము దొరకుటయే అరుదయ్యెను. బెజవాడ న్యాయవాది దిగవల్లి వేంకటశివరావుగారు శ్రమపడి, ఊళ్ల పేర్లు పోల్చి, వివరణములు చేర్చి 1941 లో మూడవసారి ప్రకటించిరి. ఆయన చేయనియెడల నేడు మనకు ఈ దారి ఉండెడిది కాదు.

ఇంకొక యాత్రికుని మాట. 1932 లో ఆస్కార్ స్పెక్ అను జర్మను యువకుడు పని లేక, మడతపెట్టు కయాకు నొకదానిని డాన్యూబు నదిలో దింపి బయలుదేరెను. తీరములు పట్టుకొనిపోయి 1939 లో ఆస్ట్రేలియా ముంగిట తేలెను. 1935 లో సింహళమునుండి కలకత్తావైపు పోవుచు అతడు మన తీరము వెంటనే తెడ్డు వేసెను. వీరాస్వామయ్యగారు వచ్చినదానికి ఎదురు దిక్కున, ఆయన నేలమీదినుండి చూచిన అలలపైననే, నూరేండ్ల పిమ్మట ఒక్కడు. నూరుగురు వెంటనున్న ఆయనకును, ఎవ్వరును వెంటలేని ఇతనికిని సాయంకాలమగునప్పటికి కావలసినది ఒక్కటియే: ఒడ్డు, మంచినీరు, ఆ చోటు తెలిసిన మనిషి.

మరల ఆత్మకూరు. కృష్ణపై శ్రీశైలము ఆనకట్ట లేచి, 1980 తరువాతి యేండ్లలో నీరు నిండుటతో ఈ సీమలో నది సరస్సైనది. పూర్వము పుట్లు తిరిగిన రేవులు నీటి అడుగున నున్నవి. సప్తనదులు కలియునని చెప్పు సంగమేశ్వరమున, వేపమాను లింగమున్న పాతగుడి, ఏటిలో ఎక్కువకాలము మునిగియుండి, వేసవిలో నీరు తగ్గినప్పుడు కొన్నివారములు మాత్రము బయటపడును. అర్చకులు వచ్చి పూజలు జరుపుదురు. జనము నడచి పోయి చూచి వత్తురు. వానకారు రాగానే నీరు పెరిగి మెట్లు, మండపము, తుదకు శిఖరము కనబడకపోవును. అప్పుడు గుడి ఎక్కడ నున్నదో చూపుటకు పటము పనికిరాదు, పడవవానినే అడుగవలెను.